నాలుగు చేతుల అణువు: తక్కువ వచ్చిన ఆ కొలత

పాలిమర్ అణువుల బరువు చెప్పే జీపీసీ యంత్రం గదిలో కంప్యూటర్ తెర మీద 34,000 అని వచ్చింది. నా లెక్క ప్రకారం రావాల్సింది 40,700. ఏడు నెలల పని తర్వాత చేతికొచ్చిన మొదటి మంచి శాంపిల్ అది. ఆ తేడా ఎక్కడికి పోయిందో తేల్చుకోవడానికి ఇంకో నెలన్నర పట్టింది. కొమ్మలున్న పాలిమర్ అంటే ఏమిటో నాకు నిజంగా అర్థమైంది ఆ నెలన్నరలోనే. అప్పటిదాకా చదివిందంతా పరీక్షల కోసం గుర్తుపెట్టుకున్న మాటలే.

నేను హైదరాబాద్‌లో ఒక పాలిమర్ లాబ్‌లో పీహెచ్‌డీ చేశాను. మాది పల్నాడులో చిన్న ఊరు. చేరిన కొత్తలో మా నాయనమ్మ "అక్కడ ఏం చేస్తావే తల్లీ?" అని అడిగింది. వినాయకచవితి పందిట్లో ఉన్న థర్మాకోల్ చూపించి, "ఇది దేంతో చేస్తారో దాన్నే వేరే ఆకారంలో చేస్తాను నాయనమ్మా" అన్నాను. థర్మాకోల్ అంటే పాలీస్టైరిన్. స్టైరిన్ అనే చిన్న అణువులు వందలూ వేలూ వరసగా కలిసి ఒక పొడుగాటి తాడు అవుతాయి. నేను చేయాల్సింది మధ్యలో ఒక ముడి, ఆ ముడి నుంచి నాలుగు సమానమైన తాళ్ళు. దాన్ని స్టార్ పాలిమర్ అంటారు.

ఆకారం మారితే ఏమవుతుందో మన ఇళ్ళలోనే ఉంది. మెత్తగా సాగే పాల ప్యాకెట్ కవరూ, కిరాణా కొట్లో ఇచ్చే గరగరలాడే పల్చటి సంచీ రెండూ పాలిథీనే. మొదటిదాని గొలుసులకు కొమ్మలుంటాయి, రెండోదానికి దాదాపు ఉండవు. 1933 మార్చిలో ఇంగ్లాండులోని ఐసీఐ కంపెనీలో ఫాసెట్, గిబ్సన్ అనే ఇద్దరు ఇథిలీన్ మీద విపరీతమైన పీడనం పెట్టి వేరే రసాయన చర్య కోసం చూస్తుంటే, పాత్ర గోడకు తెల్లటి మైనం లాంటిది అంటుకుని కనిపించింది. అదే కొమ్మల పాలిథీన్. కొమ్మలు అడ్డం పడడంతో గొలుసులు ఒకదాని పక్కన ఒకటి ఒద్దికగా సర్దుకోలేవు. అందుకే అది సుమారు 110 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది. 1953లో జర్మనీలో జీగ్లర్ చేసిన కొమ్మల్లేని రకం 130 దాకా ఆగుతుంది. మనం తినే అన్నంలోని పిండి పదార్థంలోనూ అమైలోజ్ దాదాపు సాదా గొలుసు, అమైలోపెక్టిన్‌కు ప్రతి పాతిక ముప్పై గ్లూకోజులకు ఒక కొమ్మ. అమైలోజ్ తక్కువైన బియ్యం వండితే ముద్ద ముద్దగా అంటుకుంటుంది.

కానీ పాలిథీన్‌లో కొమ్మ ఎక్కడ పుట్టిందో, ఎంత పొడవు పెరిగిందో ఒక్కో గొలుసుకు ఒక్కో తీరు. ఆ కలగాపులగంలో ఏ గుణం దేనివల్ల వచ్చిందో విడదీసి చెప్పడం కష్టం. అందుకే స్టార్. ఎన్ని కొమ్మలో, ఎంత పొడవో ముందే నిర్ణయించుకుని చేస్తే, ఆకారం చేసే పని ఏమిటో నేరుగా చూడొచ్చు. మా సార్ నాకిచ్చిన పని అదే.

ముందు మధ్య ముడి చేసుకోవాలి. దానికి పెంటాఎరిథ్రిటాల్ అనే తెల్లటి పొడి వాడతాం. పెయింట్ల పరిశ్రమలో బాగా వాడే చౌక పదార్థం. ఒక కార్బన్ చుట్టూ నాలుగు చేతులు, ప్రతి చేతి చివర ఒక ఆల్కహాల్ గుంపు. ఆ నాలుగింటికీ బ్రోమిన్ ఉన్న ఈస్టర్ అనే గుంపు తగిలించాలి. దానికి వాడే బ్రోమోఐసోబ్యూటిరిల్ బ్రోమైడ్ సీసా మూత తీస్తే పొగలు వస్తాయి. ఆ ఆవిరి కొంచెం సోకినా కళ్ళు మండి నీళ్ళు కారతాయి. ఐస్ గిన్నెలో సున్నా డిగ్రీల దగ్గర పెట్టి చుక్క చుక్కగా పోయాలి. పోసేకొద్దీ తెల్లటి ఉప్పు ముద్దకట్టి, తిప్పే అయస్కాంతం ఆగిపోతుంది. మొదటిసారి నేను దాన్ని పట్టించుకోలేదు. కలవని చోట చర్య సగంలోనే ఆగిపోయింది. అణువులోని హైడ్రోజన్లను గీతలుగా చూపే యంత్రం ఎన్‌ఎంఆర్. ఎన్‌ఎంఆర్‌లో 4.3 దగ్గర ఒక్క సూదిలాంటి గీత ఉండాల్సిన చోట, దాని పక్కన చిన్న బుడిపె కనిపించింది. అంటే కొన్ని అణువుల్లో మూడు చేతులకే బ్రోమిన్ తగిలింది, నాలుగోది ఖాళీ. అదే వాడి ఉంటే చివరికి నాలుగు చేతుల స్టార్లలో మూడు చేతులవీ కలిసిపోయేవి. బియ్యంలో కలిసిన రాళ్ళను ఏరొచ్చు కానీ వీటిని ఏరలేం. రెండుసార్లు మిథనాల్‌లో కరిగించి మళ్ళీ స్ఫటికాలు కట్టించాక బుడిపె పోయింది. 4.3 దగ్గర 8 హైడ్రోజన్లు, 1.9 దగ్గర 24, సరిగ్గా ఒకటికి మూడు. ఈ దశలో తొందరపడిన వాళ్ళు తర్వాత ఎంత బాగా చేసినా లాభం లేదని ఇప్పటికీ నమ్ముతాను.

తర్వాత ఆ నాలుగు బ్రోమిన్ల దగ్గర నుంచి స్టైరిన్‌ను పెంచాలి. ఈ పద్ధతిని 1995లో అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో మాటియాషెవ్‌స్కీ బృందం, జపాన్‌లోని క్యోటోలో సవామోటో బృందం వేర్వేరుగా ప్రకటించాయి. ఇందులో రాగి చేసే పని నాకు చాలా ఇష్టం. గొలుసు కొనన ఉన్న బ్రోమిన్‌ను రాగి కాసేపు తీసుకుంటుంది. కొన మేలుకుని రెండు మూడు స్టైరిన్లను కలుపుకుంటుంది. వెంటనే రాగి బ్రోమిన్‌ను తిరిగి ఇచ్చేస్తుంది. కొన మళ్ళీ నిద్రలోకి జారుకుంటుంది. చంటిబిడ్డ లేచి పాలు తాగి మళ్ళీ పడుకున్నట్టు. ఏ క్షణంలో చూసినా మేలుకుని ఉన్న కొనలు చాలా కొద్ది. అందుకే అవి ఒకదాన్నొకటి ఢీకొని చచ్చిపోవడం తక్కువ, అన్ని చేతులూ దాదాపు సమానంగా పెరుగుతాయి.

దీనికి గాలి పడదు. ఫ్లాస్కును లిక్విడ్ నైట్రోజన్‌లో ముంచి గడ్డకట్టించి, పంపుతో గాలి లాగి, కరగనిస్తే లోపల ఇరుక్కున్న గాలి బుడగలుగా పైకి వస్తుంది. మళ్ళీ గడ్డకట్టించి, మళ్ళీ లాగాలి. బుడగలు రాని దాకా, కనీసం మూడుసార్లు చేయాలి. నా మొదటి ప్రయత్నంలో ఇదంతా చేశాను, కానీ ఫ్లాస్కు మూతికి పాత రబ్బరు సెప్టమ్, అంటే బిరడా, వాడాను. పొద్దున వచ్చి చూస్తే లేత ఆకుపచ్చగా ఉండాల్సిన ద్రావణం ముదురు నీలి ఆకుపచ్చగా మారింది. రాగి గాలి పీల్చుకుంది. మిథనాల్‌లో పోస్తే కాస్త మసక తప్ప ఏమీ రాలేదు.

రెండోసారి సెప్టమ్ కొత్తది, మూత చుట్టూ పారాఫిల్మ్ అనే సాగే మైనపు పట్టీ, ఆయిల్ బాత్ 110 డిగ్రీలు. ఎక్కువ పాలిమర్ వస్తుందని రాత్రంతా వదిలేశాను. పొద్దున్నే ఫ్లాస్కులో అయస్కాంతం కదలడం లేదు, లోపల తేనెకన్నా చిక్కగా తయారైంది. చాలా సంతోషించాను. జీపీసీ గీత చూశాక ఆ సంతోషం పోయింది. ప్రధాన శిఖరానికి పక్కనే, రెట్టింపు బరువు దగ్గర, మూపురంలా ఇంకొకటి లేచింది.

అది ఎందుకొచ్చిందో మా సీనియర్ అక్క బోర్డు మీద లెక్కవేసి చూపించింది. "వందలో రెండు కొనలే అతుక్కుని చచ్చిపోయాయనుకో. సాదా గొలుసైతే వందలో రెండు గొలుసులు పాడైనట్టు. నీ అణువుకి నాలుగు కొనలున్నాయిగా? నాలుగూ క్షేమంగా ఉండే అవకాశం 0.98ని నాలుగుసార్లు గుణించుకుంటే 0.92. అంటే వందలో ఎనిమిది స్టార్లు ఇంకో స్టార్‌కి అతుక్కుపోయుంటాయి" అంది. కొమ్మలు పెరిగేకొద్దీ ఒక చిన్న తప్పు ఖరీదు అన్ని రెట్లు పెరుగుతుంది. స్టైరిన్ అయిపోవచ్చేకొద్దీ కొనలకు తిండి దొరకదు, ఒకదాన్నొకటి పట్టుకోవడం పెరుగుతుంది. పైగా 110 దగ్గర స్టైరిన్ ఎవరూ మొదలుపెట్టకుండానే తనంతట తాను గొలుసు కడుతుంది. ఆ గొలుసులకు మధ్య ముడి ఉండదు.

కాబట్టి మూడోసారి 90 డిగ్రీలు, పల్చన చేయడానికి అనిసోల్ అనే ద్రావకం, సగం కూడా పూర్తికాకుండానే ఆపెయ్యడం. స్టైరిన్ 20 మిల్లీలీటర్లు, నాలుగు బ్రోమిన్ల మధ్య ముడి 159 మిల్లీగ్రాములు. అంటే ఒక ముడికి 800 స్టైరిన్లు. గంటకోసారి సూదితో ఒక చుక్క తీసి ఎన్‌ఎంఆర్‌కు పరిగెత్తాను. స్టైరిన్ గీతలు తగ్గుతుంటే అనిసోల్ గీత అలాగే ఉంటుంది, దాంతో పోలిస్తే ఎంత శాతం అయిందో తెలుస్తుంది. 48 శాతం దగ్గర మూత తీసి గాలి తగలనిచ్చాను. ద్రావణాన్ని అల్యూమినా గొట్టంలో పోస్తే రాగి పైన ఆకుపచ్చ పట్టీలా ఆగిపోయింది, కింద నీళ్ళలా తేటగా దిగింది. దాన్ని సన్నటి ధారగా మిథనాల్‌లో పోస్తుంటే దూదిపింజల్లాంటి తెల్లటి పాలిమర్ విడిపోయింది. ఆరబెట్టాక 8 గ్రాముల పైన వచ్చింది.

లెక్క చాలా సులువు. 800లో 48 శాతం అంటే 384 స్టైరిన్లు. హైడ్రోజన్ పరమాణువు బరువు ఒకటి అనుకుంటే ఒక్కో స్టైరిన్ 104. మొత్తం సుమారు 40,000, దానికి మధ్య ముడి 732 కలిపితే 40,700. చేతికి 96 స్టైరిన్లు, అంటే 10,000. జీపీసీలో మూపురం లేదు, ఒకే సన్నటి శిఖరం. బరువు మాత్రం 34,000.

నాకు మొదట తోచింది ముడి లేని సాదా గొలుసులు కలిసిపోయి సగటును కిందికి లాగుతున్నాయని. మా సార్ దగ్గరికి శాంపిల్ పారేసి మళ్ళీ చేస్తానని వెళ్ళాను. ఆయన గీత చూసి, "జీపీసీ బరువు తూస్తుందా, సైజు చూస్తుందా?" అని అడిగారు. అంతే, ఇంకేం చెప్పలేదు.

జీపీసీ బరువు తూయదు. అందులో చిన్న చిన్న రంధ్రాలున్న గుళికల మధ్యలోంచి పాలిమర్ ద్రావణం వెళ్తుంది. చిన్న అణువులు రంధ్రాల్లోకి దూరి, తిరిగి, ఆలస్యంగా బయటికి వస్తాయి. పెద్దవి దూరలేక ముందే వచ్చేస్తాయి. ఎంత ఆలస్యమైందో చూసి, సాదా పాలీస్టైరిన్‌తో ముందే గీసి పెట్టుకున్న పట్టిక ప్రకారం బరువు చెబుతుంది. నాలుగు చేతులూ ఒకే ముడికి కట్టేసి ఉన్న అణువు, అదే బరువున్న తాడుకన్నా తక్కువ చోటులో ముడుచుకుంటుంది. 1949లో జిమ్, స్టాక్‌మేయర్ దీన్ని లెక్కగట్టారు. నాలుగు చేతుల స్టార్ వ్యాసార్థపు వర్గం, అంతే బరువున్న సాదా గొలుసు వర్గంలో 0.625 వంతు మాత్రమే. చేతులు మూడైతే 0.78. అంటే నా అణువు తేలికైనది కాకపోవచ్చు, ఒదిగి ఉన్నదై ఉండొచ్చు.

ఉండొచ్చు అనడం నాకు చాలలేదు. ఇంకో అనుమానం కూడా ఉంది. ఒకవేళ ప్రతి అణువులోనూ మూడు చేతులే పెరిగి ఉంటే? మొత్తం స్టైరిన్ అంతే కాబట్టి మొత్తం బరువు అప్పుడూ 40,700 దగ్గరే ఉంటుంది. బరువు చూసి చేతులు లెక్కపెట్టలేం. ఒక్కటే దారి: చేతులు నరికి ఒక్కోటీ కొలవడం. మూడు పెరిగి ఉంటే ఒక్కోటీ 13,300 ఉండాలి, నాలుగైతే 10,000. నరికాక అవి సాదా గొలుసులే, జీపీసీ వాటి బరువు సరిగ్గానే చెబుతుంది.

చేతుల్ని ముడికి కట్టింది ఈస్టర్ బంధం. క్షారంతో మరిగిస్తే అది తెగుతుంది, పాలీస్టైరిన్ గొలుసుకు ఏమీ కాదు. పాలిమర్‌ను టీహెచ్ఎఫ్ అనే ద్రావకంలో కరిగించి, ఆల్కహాల్‌లో కలిపిన పొటాషియం హైడ్రాక్సైడ్ పోసి మరిగించాను. ఒక రోజు తర్వాత కొంచెం తీసి జీపీసీకి ఇచ్చాను. అప్పుడు వచ్చిన గీతను ఇప్పటికీ నా నోట్‌బుక్‌లో అంటించి ఉంచుకున్నాను. ఒక శిఖరం కాదు, మెట్లలా వరసగా శిఖరాలు. 10,000 దగ్గర ఒకటి, 20,000 దగ్గర ఒకటి, ఆపైన ఒకదానిలోకి ఒకటి ఒరిగిపోయిన ఇంకో రెండు. ఒక చెయ్యి తెగినవీ, రెండు తెగినవీ, మూడు తెగినవీ, ఇంకా ఏదీ తెగనివీ ఆ ఒక్క గీతలో పక్కపక్కనే నిలబడి ఉన్నాయి. ఏడు నెలలుగా నమ్మకం మీద చేస్తున్న పనిలో అణువుకి చేతులున్నాయని కంటితో చూసింది అప్పుడే. గదిలో ఎవరూ లేరు. ఆ కాగితం పట్టుకుని చాలాసేపు అలాగే కూర్చున్నాను.

ఆ ఈస్టర్ పక్కన మిథైల్ గుంపులు గుమిగూడి ఉంటాయి. క్షారం దాని దగ్గరికి వెళ్ళడమే కష్టం, అందుకే ఒక రోజు చాలలేదు. 72 గంటలు మరిగించాక మెట్లన్నీ పోయి ఒకే శిఖరం మిగిలింది: 10,300. ముడి లేని వేరే గొలుసుల జాడ ఎక్కడా లేదు. మూడు కాదు, నాలుగు చేతులే.

అణువు నిజంగా ఒదిగి ఉందో లేదో చెప్పే చిక్కదనం కొలవడం తర్వాత పెద్ద కష్టం కాలేదు. అదే బరువున్న సాదా గొలుసు కూడా చేసి, రెండింటినీ టోలుయీన్‌లో కరిగించి, ఉబెలోడ్ గొట్టంలో పైగీత నుంచి కిందిగీత దాకా దిగడానికి పట్టే సమయాన్ని స్టాప్‌వాచ్‌తో కొలిచాను. నీళ్ళ తొట్టి ఉష్ణోగ్రత పావు డిగ్రీ అటూ ఇటూ అయినా లెక్క చెడుతుంది కాబట్టి ఏసీ ఆపించి, రాత్రిళ్ళు చేశాను. దాన్నుంచి తేలిన చిక్కదనపు కొలత సాదా గొలుసుకు గ్రాముకు 22 మిల్లీలీటర్లు, స్టార్‌కు 16.5. సరిగ్గా మూడొంతులు. జీపీసీలో 34,000 రావడానికి ఈ నిష్పత్తే కారణమని వెనక్కి లెక్కవేసుకుంటే 40,700 తిరిగొచ్చింది. మెత్తబడే ఉష్ణోగ్రత మాత్రం రెండింటికీ 100 డిగ్రీల దగ్గరే ఉంది. ఆకారం అన్ని గుణాలనూ మార్చదు.

కరిగించిన ముద్దగా, పారే తీరును కొలిచే రియోమీటర్ పళ్ళేల మధ్య పెట్టినప్పుడు నా స్టార్, సాదా గొలుసుకన్నా సగానికి పైగా పల్చగా పారింది. కానీ దీన్ని చూసి స్టార్లన్నీ పల్చగా పారతాయనుకుంటే పొరపాటు. నా చేతులు 10,000 పొడవువి. పాలీస్టైరిన్ గొలుసులు ఒకదానితో ఒకటి చిక్కుపడాలంటే సుమారు 17,000 కావాలి. చేతులు అంతకన్నా పొడుగైతే కథ తిరగబడుతుంది.

ఇది చెప్పడానికి మా ఊరి కంప కుప్పకన్నా మంచి పోలిక నాకు దొరకలేదు. చేను చుట్టూ వేయడానికి తుమ్మ కంప కొట్టి కుప్ప పోస్తారు. తాళ్ళ కుప్పలోంచి ఒక తాడు కొస పట్టుకుని లాగితే పాములా జారి వచ్చేస్తుంది. సాదా గొలుసు కదిలేది అలాగేనని 1971లో డి జెన్ చెప్పాడు. కంప అలా రాదు. ఒక కొమ్మ లాగితే మిగతా కొమ్మలు మూడు వైపులా పట్టేస్తాయి. నాన్న ఎప్పుడూ కంపను లాగేవాడు కాదు, ముందు ఒక్కో రెమ్మనూ వెనక్కి మడిచి విడిపించి, తర్వాత ఎత్తేవాడు. స్టార్ అణువు కూడా అంతే. ఒక చెయ్యి కొన నుంచి తన దారినే వెనక్కి ముడుచుకుంటూ ముడి దాకా రావాలి, అప్పుడే ఆ ముడి ఒక్క అడుగు వేయగలదు. చెయ్యి పొడుగయ్యేకొద్దీ అంత వెనక్కి రావడం చాలా అరుదు. అందుకే సాదా గొలుసు పొడవు రెట్టింపైతే చిక్కదనం పదింతలవుతుంది. స్టార్‌కు అలాంటి స్థిరమైన లెక్క లేదు, చెయ్యి పొడవుతో ఘాతాంకంలో పెరిగిపోతుంది. ఇంకో వింత, చేతులు నాలుగున్నా ఎనిమిదున్నా వాటి పొడవు ఒకటే అయితే చిక్కదనం దాదాపు ఒకటే. విడిపించుకోవాల్సింది ఏ చెయ్యికా చెయ్యే కదా.

అంత పొడుగు చేతులు నా పద్ధతిలో శుభ్రంగా రావు. ఇంకో లాబ్ వాళ్ళు ఆనయానిక్ పద్ధతిలో, అంటే 1956లో ష్వార్జ్ చూపించిన దారిలో, చేసిన స్టార్ కొంచెం ఇచ్చారు. వాళ్ళ దగ్గరికి వెళ్ళినప్పుడు గాజు పాత్రలో బతికి ఉన్న పాలీస్టైరిన్ కొనల నారింజ ఎరుపు రంగు చూశాను. మిథనాల్ చుక్క పడగానే ఆ ఎరుపు ఒక్క క్షణంలో మాయమైంది. ఆ స్టార్ ఒక్కో చెయ్యి లక్ష. దాన్ని రియోమీటర్‌లో పెట్టిన రోజు మొదట సాదా గొలుసు శాంపిల్ నడిపాను. పళ్ళెం ఊగే వేగం తగ్గిస్తూ పోతే ఒక చోట గీత చటుక్కున వంగి, అక్కడి నుంచి పూర్తిగా ద్రవంలా పారింది. స్టార్‌కు అలాంటి ఒక్క చోటు లేదు. ముందు కొనలు వదులయ్యాయి, తర్వాత వాటి వెనకవి, ఆ తర్వాత ఇంకా లోపలివి. గీత వంగుతూనే ఉంది కానీ ఎక్కడా తెగి కింద పడలేదు. మధ్యాహ్నం మూడింటికి మొదలైన ఆ కొలత, రాత్రి మెస్ మూసేశాక కూడా, ముడికి దగ్గరగా ఉన్న ఆఖరి ముక్క విడిపించుకునే దాకా సాగుతూనే ఉంది.